రెబ్కా కారం మర మీద పడ్డ నింద

మా వీధిలో రెబ్కా గురించి ఒక మాట తిరుగుతోంది. మంచంలో ఉన్న మొగుణ్ణి చచ్చిపోయాడని చెప్పి, ఇంటర్నెట్లో ఊరూపేరూ తెలియని వాళ్ళ దగ్గర జాలి డబ్బులు దండుకుని, ఆ డబ్బుతో కారం మర కొనుక్కుందట. ఈ మాట మా సత్తెనపల్లి దాటి, పొదిలి పక్కన ఉన్న ఆమె పుట్టింటి దాకా వెళ్ళింది. నేను చదివింది ఐదో తరగతి. అయినా ఇది నేనే రాయాలి. ఎందుకంటే ఆ మాట పుట్టింది మా ఇంటి అరుగు మీద, నా నోటి దురద వల్ల.

రెబ్కాని అడిగే రాస్తున్నాను. “రాస్తే మొత్తం రాయండి పిన్నిగారూ, సగం రాసి వదిలెయ్యకండి” అంది.

రెబ్కాకు పుట్టినప్పుడు పెట్టిన పేరు కోటేశ్వరమ్మ. ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, కోటప్పకొండకు మొక్కుకున్నాక నిలిచిన పిల్ల. వాళ్ళది మెట్ట ఊరు. వాన పడితే కందులు, పడకపోతే ఏమీ లేదు. పడని ఏడు ఊళ్ళో సగం మంది మిరప కోతలకు మా వైపు వచ్చేవాళ్ళు. ట్రాక్టరు తొట్టిలో బియ్యం, గిన్నెలు, కోళ్ళు, చంటిపిల్లలు అన్నీ వేసుకుని వచ్చి, పొలం గట్ల మీద పట్టాలు కట్టుకుని మూడు నెలలు ఉండేవాళ్ళు. అట్లా వచ్చిన ఒక ఏడు, కల్లంలో మిరపకాయలను బస్తాల్లో కుక్కి తొక్కుతున్న ఫిలిప్‌ని చూసింది. ఫిలిప్‌ది మా చర్చి వెనక వీధే. మంచి పొడగరి, మాటకు ముందే నవ్వే మనిషి. కోతలు అయ్యాక అందరూ ట్రాక్టరు ఎక్కారు, ఈ పిల్ల ఎక్కలేదు.

బాప్తిస్మం తీసుకుని రెబ్కా అయింది. బొట్టు మానేసింది. పుట్టింటి వాళ్ళు రెండేళ్ళు గడప తొక్కలేదు. ఆధార్ కార్డులోనూ బ్యాంకు పుస్తకంలోనూ మాత్రం కోటేశ్వరమ్మ అట్లాగే ఉండిపోయింది. “మార్పించుకోవే” అని నేను ఎన్నిసార్లు చెప్పానో. “ఆఫీసుల చుట్టూ తిరిగే తీరిక ఎవరికుంది పిన్నిగారూ. పిలిచేవాళ్ళు రెబ్కా అని పిలుస్తున్నారుగా, చాలు” అనేది.

ఇద్దరు పిల్లలు పుట్టారు. ఫిలిప్ పత్తి మిల్లులో బేళ్ళు ఎత్తే పనికి కుదిరాడు. మూడున్నరేళ్ళ కింద లారీ మీద బేళ్ళు సర్దుతూ జారి పడ్డాడు. పడ్డవాడి మీద బేలు పడింది. గుంటూరు ఆసుపత్రుల్లో నాలుగు నెలలు ఉంచి, నడుం నుంచి కిందకు ఇక కదలిక రాదని చెప్పి పంపేశారు. అప్పటినుంచి ముందు గదిలో నవారు మంచం, దాని మీద ఫిలిప్.

రెబ్కా కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. పొద్దున కూర్చుంటే చీకటి పడే వేళకు లేవడం. ఆ పని చేసేవాళ్ళు ముందు గాజులు తీసేస్తారు, గాజు కిందకు ఘాటు చేరితే చెయ్యి పొంగిపోతుంది. గోళ్ళ సందుల్లోకి కారం దిగి, ఇంటికొచ్చాక చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. ఆ చేతులతోనే మొగుణ్ణి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి, పక్కబట్టలు మార్చాలి. ముట్టుకుంటే అతని ఒళ్ళు మండుతుందని చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకునేది.

“చూడండి పిన్నిగారూ, నన్ను రోజుకు రెండుసార్లు పార్సిల్ కడుతోంది. ఎప్పుడో ఒకరోజు లారీకి ఎక్కిస్తుంది” అనేవాడు ఫిలిప్.

“నిన్ను ఎవరు దింపుకుంటార్రా, నూట పాతిక కేజీలు!” అనేదాన్ని నేను. రెబ్కా కూడా నవ్వేది. మొదటి రెండేళ్ళు బాగానే నవ్వేది.

పోయిన నవంబరులో తేజశ్రీ అనే అమ్మాయి స్కూటీ మీద మా వీధికి వచ్చింది. నువ్వెవరివి, ఎవరింటికి, ఏం పని, పెళ్ళయిందా అని నాలుగూ అడిగాక గాని నేను కదలనివ్వలేదు. చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్ళకు అప్పు ఇప్పించే సంస్థలో పనిచేస్తుందట, రెబ్కా కోసం వచ్చిందంటే ఆమెను పనిలోంచి పిలిపించాను.

“డబ్బు మీ సంస్థదా?” అన్నాను.

“కాదండీ. వీళ్ళ ఫోటో, వీళ్ళ కథ ఇంటర్నెట్లో పెడతాం. చదివినవాళ్ళు తలా వెయ్యో, మూడు వేలో వేస్తారు. తిరిగి కట్టాక ఆ డబ్బునే ఇంకొకళ్ళకు ఇస్తారు. వాళ్ళకు వడ్డీ ఏమీ రాదు.”

“ముక్కూ మొహం తెలియని మనిషికి ఎందుకిస్తారమ్మా మరి?”

“కథ చదివి ఇస్తారండీ.”

నాకు నమ్మకం కలగలేదు. మా వీధిలో ఎదురింటివాళ్ళ కథ పూర్తిగా తెలిసినవాళ్ళే వంద చేబదులివ్వరు. కానీ రెబ్కా కళ్ళు అప్పటికే వెలుగుతున్నాయి. తొడిమ తీసిన కాయ ఎంతకు కొంటారో, అదే కాయ కారమై పొట్లంలోకి వెళ్ళాక ఎంతకు అమ్ముతారో కోల్డ్ స్టోరేజీలో కూర్చుని రోజూ లెక్కేసుకున్న మనిషి. మర ఇంటి ముందే ఉంటే ఫిలిప్‌ని పొద్దంతా ఒంటరిగా వదలక్కర్లేదు. అదీ ఆమె ఆశ. తేజశ్రీ వివరాలు రాసుకుని ఫోటో తీసింది. పని మధ్యలో లేచి వచ్చిన మనిషి, కొంగు బిగించి, చేతులు కట్టుకుని నిలబడింది. 

ముప్పై ఒక్కమంది కలిసి అరవై వేలు వేశారు. అందులో ఒకావిడ పూనాలో టీచరట, ఒకాయన కెనడాలో ఉంటాడట. జనవరి చివర్లో మర దిగింది. ఇంటి ముందు రేకుల పంచలో పెట్టారు. స్విచ్ వేసిన రోజు వీధంతా తుమ్ములే. హోటల్ ఖాదర్ వలి వారానికి పది కేజీలు రాయించుకున్నాడు. ఫిబ్రవరి వచ్చేసరికి మా ఆడవాళ్ళంతా ఏటి కారం రెబ్కా దగ్గరే ఆడించుకుంటామని కాయలు ఎండబెట్టడం మొదలుపెట్టారు. ఏడాదికి సరిపడా కారం, ఆవకాయ కారం, అన్నీ మా వైపు మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఆడించుకోవాలి. ఆ రెండు నెలలే ఆమెకు పంట.

నా బుద్ధి కుదురుగా ఉండదు కదా. ఆ ముప్పై ఒక్కమంది ఏం చదివి ఇచ్చారో తెలుసుకోవాలని మార్చిలో ఒక సాయంత్రం మా చిన్నకోడలు హారికను పట్టుకున్నాను. హారిక డిగ్రీ చదివింది. ఫోనులో ఐదు నిమిషాలు వెతికి పట్టుకుంది. రెబ్కా ఫోటో, కింద ఇంగ్లీషు. అరుగు మీద నేను, పక్కింటి పిచ్చమ్మ, ఇంకా ఇద్దరు ఉన్నాం.

“పైకి చదువు, తెలుగులో చదువు” అన్నాను.

“కోటేశ్వరమ్మ ఆంధ్రాలో మిరప పండే ప్రాంతంలో కూలీ” అని మొదలుపెట్టింది హారిక. “భర్త చనిపోయాక ఇద్దరు పిల్లలను ఒంటిచేత్తో...” అక్కడ ఆగిపోయింది.

“ఎవరు చనిపోయాక?” అంది పిచ్చమ్మ.

“భర్త, అని ఉంది.”

“హవ్వ! పొద్దున్నే నన్ను చూసి బాగున్నావా అక్కా అన్నాడే!”

నేను అప్పుడే ఆపాల్సింది. ఆపకపోగా “ఇంకోసారి చదువు” అన్నాను. రెండోసారి చదివేసరికి దారిన పోయేవాళ్ళు ఇద్దరు నిలబడ్డారు.

మూడు రోజుల్లో మాట పెరిగి పెద్దదయింది. అబద్ధమాడిందని తిట్టినవాళ్ళు తక్కువ. అప్పు కోసం అబద్ధమాడని వాళ్ళు మా వీధిలో ఎవరున్నారు గనక. అసలు దెబ్బ వేరే వైపు నుంచి వచ్చింది. బతికున్న మగాణ్ణి పోయాడని చెప్పి తెచ్చిన మరలో ఏటి కారం ఆడిస్తే ఇంటికి అరిష్టం అన్నారెవరో. ఏడాది పొడుగునా ఆ కారమే కూరల్లో వేసుకోవాలి, ఆ ఆవకాయే పిల్లలకు కలిపి పెట్టాలి కదా అన్నారు. బొట్టు పెట్టుకునేవాళ్ళూ అన్నారు, ఆదివారం బైబిలు పట్టుకుని వెళ్ళేవాళ్ళూ అన్నారు. ఎండిన కాయలు రిక్షాల్లో బజారు మరకు వెళ్ళిపోయాయి. ఖాదర్ వలి ఒక్కడే, “నాకు కారం ఎర్రగా ఉందా లేదా అదే కావాలమ్మా” అని మామూలుగా తీసుకెళ్ళాడు.

రెబ్కా ఎవరితోనూ గొడవపడలేదు. ఔనని అనలేదు, కాదని అనలేదు. ఖాదర్ వలి కారం ఆడించే రోజు తప్ప మర మీద గోనెపట్టా కప్పి మళ్ళీ తొడిమల పనికి వెళ్ళింది.

ఏప్రిల్ మొదట్లో ఆరోగ్య కేంద్రం నర్సు శ్రీదివ్య నన్ను వీధి మొదట్లో ఆపింది. ఫిలిప్ వీపు మీద పుండ్లకు వారం వారం కట్టు కట్టేది ఆమే.

“పిన్నిగారూ, మీ మాటైతే వింటాడు, కాస్త చెప్పండి. ఫిలిప్ అన్నం తినట్లేదు. రెండు ముద్దలు మింగి కంచం తోసేస్తున్నాడట. ఒంట్లో బలం లేకపోతే పుండు మానదు. ఇట్లాగే ఉంటే ఈ ఎండలు దాటడు.”

నా అరుగు మీద పుట్టిన మాట మనిషి ప్రాణం మీదకు వచ్చిందన్నమాట. వెంటనే వెళ్ళాను. ఫిలిప్ గోడ వైపు తిరిగి ఉన్నాడు. నూట పాతిక కేజీల మనిషి అని నేను ఎగతాళి చేసినవాడు దుప్పటి కింద ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు.

“ఏరా ఫిలిప్, ఎవరో ఏదో వాగితే అన్నం మీద అలుగుతావురా?”

“అలక ఏముంది పిన్నిగారూ. ఆకలి లేదు.”

“నువ్వు బతికే ఉన్నావని నేను డప్పు వేయించనా వీధంతా?”

మామూలుగా అయితే దానికి ఏదో ఒక ఎదురుమాట అనేవాడు. దుప్పటి మొహం మీదకు లాక్కున్నాడు.

ఇంటికొచ్చి తేజశ్రీకి ఫోన్ చేయించాను. రాకపోతే నేనే మీ ఆఫీసుకు వస్తానన్నాను. మర్నాడే వచ్చింది పాపం. సంచిలోంచి కాగితాలు తీసి నా ముందే వెతికింది. ఆమె చేత్తో రాసిన కాగితంలో “భర్త: ఉన్నారు, పని చేయలేరు” అని స్పష్టంగా ఉంది. సంస్థకు పంపేటప్పుడు కంప్యూటర్లో భర్త సంపాదన అన్న గడి ఒక్కటే ఉందట. అందులో “లేదు” అని కొట్టింది. హైదరాబాదులో కథలు రాసే అమ్మాయి వేరే. ఆ అమ్మాయికి కనిపించింది ఆ గడి, ఆ పేరు, ఆ ఫోటో. కోటేశ్వరమ్మ అని పేరు, నుదుట బొట్టు లేదు, చేతికి గాజులు లేవు. ఇంకేం, భర్త పోయినావిడ అనుకుంది. రెబ్కా అని పేరుంటే ఆ బొట్టు సంగతి ఆలోచించనే ఆలోచించేది కాదు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరూ అబద్ధమాడలేదు! ఆధార్ కార్డులో పాత పేరు ఉండిపోయినందుకు వచ్చిన తంటా ఇది.

“ఇది దిద్దిస్తావా అమ్మా?”

“దిద్దిస్తానండీ. ఇచ్చినవాళ్ళందరికీ పొరపాటైందని రాయాలి. ఎవరైనా డబ్బు వెనక్కి ఇమ్మంటారేమో, అది మా పై వాళ్ళు చూసుకుంటారు.” కాగితాలు సర్దుకుంటూ కాస్త నసిగింది. “కానీ పిన్నిగారూ, కథ పెట్టేముందు ఆఫీసు నుంచి ఫోన్ చేసి తెలుగులో చదివి వినిపిస్తారు. సరేనంటేనే పెడతారు. డిసెంబరు పన్నెండున చేశారు. ఆవిడ అవునన్నారని రాసి ఉంది.”

“వినపడి ఉండదు. ఫోన్లో గరగరమంటే ఎవరైనా అవును అవును అనే అంటారు. నేనూ అంటాను” అని కొట్టిపారేశాను.

ఆ సాయంత్రమే వీధి ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను. ఇంటింటికీ వెళ్ళి కాగితంలో ఏముందో చెప్పాను. పిచ్చమ్మ మొహం చిన్నబుచ్చుకుని “నేనేమన్నాను, హారిక చదివిందే కదా అన్నాను” అంది. మర్నాడు మా ఇంటి ఇరవై కేజీల కాయలు అందరూ చూసేట్టు నడివీధిలో నుంచి మోయించి రెబ్కా పంచలో దింపించాను. గోనెపట్టా తీసి మర వేసింది. రెండు రోజుల తర్వాత ఇంకో నాలుగిళ్ళ కాయలు వచ్చాయి. మొత్తం రాలేదు. ఈ ఏడాదికి ఇంతే.

ఫిలిప్ దగ్గరకు మాత్రం నేను పండగకు వెళ్ళినట్టు వెళ్ళాను. పేరు, బొట్టు, గాజులు, గడి అన్నీ విడమరిచి చెప్పాను. “నీ పెళ్ళాం ఏమీ అనలేదురా. అదంతా హైదరాబాదులో ఒక పిల్ల చేసిన పొరపాటు. ఇక లేచి తిను.”

అతను గోడ మీది నుంచి కళ్ళు తిప్పి నన్ను చూశాడు. నా మీద జాలిపడుతున్నట్టు చూశాడు.

“తెలుసు పిన్నిగారూ. మా రెబ్కా అబద్ధమాడే మనిషి కాదు.”

“మరింకేంరా?”

“ఏం లేదు. ఆకలి లేదు.”

కంచంలో అన్నం ఎట్లా పెట్టింది అట్లాగే ఉంది. వారం గడిచింది. మర తిరుగుతోంది, వీధి నోరు మూతపడింది, ఫిలిప్ మాత్రం తినడం లేదు. నింద పోయినా మనిషి కుదుటపడలేదంటే, మనిషిని పడగొట్టింది నింద కాదేమో అని నాకప్పుడు తట్టింది. శ్రీదివ్య వస్తే పట్టుకున్నాను.

“ఇతను తినడం మానేసింది ఎప్పుడే? నేను ఆ కథ చదివించింది మార్చి నెల.”

“మార్చి ఏంటి పిన్నిగారూ” అని తన పుస్తకం తిప్పింది. “క్రిస్మస్ ముందు నుంచే. డిసెంబరు మూడో వారంలో చూడండి, అన్నం సరిగా తినట్లేదు, మాట్లాడట్లేదు అని రాసుకున్నాను. అప్పట్నుంచి తగ్గుతూనే ఉన్నాడు.”

డిసెంబరు మూడో వారం. అప్పటికి మర లేదు, పుకారు లేదు, హారిక ఫోను లేదు. పన్నెండో తారీఖున వచ్చిన ఆ ఫోన్ కాల్ ఒక్కటే ఉంది.

నేను ఇక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేదేమో. ఊరుకునే మనిషిని కాను. పైగా ఒక మనిషి రోజురోజుకూ తరిగిపోతున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక రెబ్కా కాలవ గట్టున పట్టా పరిచి కాయలు ఎండబోస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. చుట్టుపక్కల ఎవరూ లేరు. కాసేపు నేనూ కాయలు తిరగేశాను.

“అమ్మాయ్, ఒక మాట అడుగుతా. కోప్పడకు.”

“మీరు అడక్కుండా ఉంటేనే భయం పిన్నిగారూ, అడగండి.”

“డిసెంబర్లో ఆఫీసు నుంచి ఫోన్ చేసి కథ చదివారట. నువ్వు అవునన్నావట. మర చప్పుడులో వినపడలేదు కదూ?”

“మర అప్పటికి రాలేదుగా.”

“పోనీ, పనిలో ఉండి సరిగా వినలేదా?”

ఆమె చేతులు ఆగాయి. గుప్పిట్లో ఉన్న కాయలు వదల్లేదు.

“మాట దాటెయ్యకు రెబ్కా. నిన్నే అడుగుతున్నా. నీ మొగుడు పోయాడని వాళ్ళు చదివినప్పుడు నీకు వినపడిందా, లేదా?”

గుప్పిట్లోని కాయలు పట్టా మీద పోసింది. తర్వాత నా వైపు తిరిగి చెప్పింది.

“వినపడింది పిన్నిగారూ. ప్రతి ముక్కా వినపడింది. చేతులు మంటగా ఉన్నాయని ఫోను ఆయన్నే పట్టుకోమన్నాను. స్పీకరు వేసి గుండె మీద పెట్టుకున్నాడు. భర్త చనిపోయారు అని ఆ అమ్మాయి చదివింది. ఆయన నవ్వాడు, నేను ఫోన్లోనే దాన్ని కడిగేస్తాననుకుని. నాకేమో నెత్తి మీది బస్తా ఎవరో దించినట్టయింది. ఒక్క క్షణమే పిన్నిగారూ. ఆ క్షణంలో ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. అవునండీ అన్నది తర్వాత సంగతి, అది అనకపోయినా ఆయనకు తెలిసిపోయింది. ఇప్పుడు అన్నం కలిపి దగ్గర పెడితే ముద్ద వైపు చూడడు, నా మొహం వైపు చూస్తాడు, అది మళ్ళీ కనబడుతుందేమోనని. కనబడదులే, తినవయ్యా అని చెబుదామంటే, నాకే నమ్మకం లేదు.”